పళ్ళున్న మూత

ఆ కంపెనీలో జీతమిచ్చి మరీ పెట్టుకున్న దొంగ ఒకాయన ఉన్నాడు. సీసాల మూతలు తయారుచేసే కంపెనీకి దొంగతో ఏం పని అంటారా? కొత్త మూత ఏది తయారైనా ముందు ఆయన బల్ల మీదికే వెళ్ళాలి. ఎవరికీ అనుమానం రాకుండా దాన్ని తీసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు బిగించెయ్యడమే ఆయన ఉద్యోగం. ఆయన తియ్యగలిగితే మూత ఓడినట్టు, తియ్యలేకపోతే గెలిచినట్టు. బట్టతల, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, చీమ ఎదురొచ్చినా దారిచ్చి పక్కకి తప్పుకునే స్వభావం. వీధిలో చూసినవాళ్ళు లెక్కల మాష్టారు అనుకుంటారు. కంపెనీలో మాత్రం చిన్నా పెద్దా అందరికీ ఆయన దొంగ బాబాయే.

ఆయన చేతిలో ఓడిపోవడానికి మూతలు గీసే ఆవిడని మూతలమ్మ అంటారు. ఆ పిలుపుకి మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఒకటికి రెండుసార్లు పిలవాల్సి వస్తోంది. ఇంట్లో గిన్నె మీద మూత కాస్త వంకరగా ఉన్నా ఆవిడకి ముద్ద దిగదు. అటువంటి మనిషికి దేవుడు సరైన ఉద్యోగమే ఇచ్చాడు, కాకపోతే పక్కనే ఒక దొంగని కూడా ఇచ్చాడు.

కొన్నాళ్ళుగా ఆవిడ ఒకే మూత వెనక పడింది. తిండి ధ్యాస లేదు, నిద్ర ధ్యాస లేదు. కారణం కంపెనీలో ఎవరికీ తెలియదు. ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఎవరూ నోరు మెదపరు.

కారణం చెల్లెలు. చిన్నప్పటినుంచీ దాన్ని పిచ్చుక అని పిలిచేవాళ్ళు, ఎందుకంటే లేచింది మొదలు పడుకునేదాకా నోటికి తాళం ఉండేది కాదు. బస్సెక్కితే దిగేలోపు పక్క సీటావిడ కష్టసుఖాలన్నీ కనుక్కునేది. అలాంటి పిల్ల పోయిన సంవత్సరం ఆఫీసులో ఎవరికో ప్రమోషన్ వచ్చిందని అందరితోపాటు ఒక హాలుకి పార్టీకి వెళ్ళింది. పళ్ళరసం సీసా తీసుకుంది, సగం తాగింది, ఫోటో దిగుదాం రమ్మంటే సీసా బల్ల మీద పెట్టి వెళ్ళింది. వచ్చి మిగతా సగం తాగింది. ఆ తర్వాత ఆమెకి గుర్తున్నది ఆసుపత్రి పైకప్పే.

స్నేహితురాలు ఒకామె చెల్లెలు తూలడం గమనించి, ఎవరి మాటా వినకుండా రెక్క పట్టుకుని కారులో పడేసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి. అందువల్ల అంతకుమించి ఏమీ జరగలేదు. డాక్టర్లు రక్తంలో మత్తుమందు ఉందన్నారు. పోలీసులు వచ్చారు, అడిగారు, వెళ్ళారు. కలిపిందెవరో ఈ రోజుకీ తేలలేదు. ఆ వెధవ ఎక్కడో హాయిగా భోంచేసి పడుకుంటూనే ఉండుంటాడు.

పిచ్చుక మాత్రం మూగబోయింది. ఉద్యోగం ఇంటినుంచే చేస్తోంది. పెళ్ళిళ్ళు లేవు, సినిమాల్లేవు, స్నేహితుల్లేరు. అంతకంటే మింగుడుపడని సంగతి ఒకటుంది. అమ్మ గ్లాసుతో నీళ్ళిస్తే, సగం తాగి పక్క గదిలోకి వెళ్ళొచ్చిందంటే చాలు, మిగతా నీళ్ళు సింకులో పారబోసేస్తుంది. ఇంట్లో ఉన్నది ముగ్గురే. అమ్మ ఒకసారి చూసింది. "నేను నీ తల్లినే" అనబోయి, ఖాళీ గ్లాసు తీసుకుని తోమడానికి వెళ్ళింది. కూతురికీ తెలుసు తల్లి చూసిందని. కావాలని చేస్తే కోప్పడొచ్చు, చెయ్యే దానంతటదే వెళ్ళిపోతుంటే ఎవరేం చేస్తారు?

అదిగో, ఆ సింకు చప్పుడు వినలేకే మూతలమ్మ కొత్త మూత మొదలుపెట్టింది. మూత ఒక్కసారి తిప్పితే చాలు, కింద దాక్కున్న ఎర్రటి పట్టీ బయటపడుతుంది. మళ్ళీ బిగించినా అది లోపలికి పోదు. దొంగ బాబాయ్ వేడినీళ్ళు పెట్టాడు, మంచు పెట్టాడు, బతిమాలాడు, తిట్టాడు. వారం తిరిగేసరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నావల్ల కాదమ్మా, ఈసారి నువ్వే గెలిచావు" అన్నాడు. విభాగమంతా చప్పట్లు కొట్టింది.

మూతలమ్మ ఆ సాయంత్రం సీసా ఒకటి సంచిలో వేసుకుని పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. చెల్లెలి చేతిలో పెట్టి, ఎర్రపట్టీ ఎలా బయటపడుతుందో చూపించింది. చెల్లెలు శ్రద్ధగా చూసింది, తిప్పి చూసింది, అక్క మొహంలో సంతోషం చూసి కాస్త తటపటాయించింది.

"చాలా బావుందక్కా. కానీ..."

"కానీ ఏంటే?"

"ఆ రోజు నా సీసా మూత తీసింది నేనే కదా."

మూతలమ్మ సీసా వెనక్కి తీసుకుని ఆ ఎర్రపట్టీ వైపు చూసింది. ఇన్ని నెలలు తనేం చేసినట్టు? చెల్లెలి కోసమే అనుకుంటూ, చెల్లెలికి పనికిరాని మూత చేసి చప్పట్లు కొట్టించుకుంది.

తప్పు ఆవిడొక్కదానిది కాదు. మూతల వాళ్ళందరిదీ. వాళ్ళ లెక్కలో సీసా ఫ్యాక్టరీలో పుడుతుంది, లారీ ఎక్కుతుంది, దుకాణంలో నిలబడుతుంది, కొన్నవాడు మూత తియ్యగానే దాని కథ అయిపోతుంది. వాళ్ళు గీసే బొమ్మలు అక్కడితో ఆగిపోతాయి, వాళ్ళ దొంగ కూడా అక్కడితో చేతులు దులుపుకుంటాడు. సగం తాగిన సీసా బల్ల మీద పెట్టి ఒక ఆడపిల్ల ఫోటో దిగడానికి వెళుతుందన్న సంగతి ఆ కంపెనీలో ఏ బుర్రకీ తట్టలేదు. తట్టాల్సిన బుర్రకే తట్టలేదు.

మర్నాడు ఆవిడ తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. సీసా తెరిచాక కూడా కాపలా కాసే మూత చేస్తానంది. మేనేజరు చెడ్డమనిషి కాదు, కాకపోతే ఏ కొత్త మాట విన్నా ముందు తల అడ్డంగా ఊపి తర్వాత ఆలోచించే రకం.

"తెరిచాక సీసా కొన్నవాడిదమ్మా. మధ్యలో మనమెవరం?"

"కొన్నది మా చెల్లెలు సార్" అంది మూతలమ్మ.

ఆవిడ చెప్పాలనుకుని చెప్పిన మాట కాదు. కానీ నోరు తెరిచాక ఇక ఆగలేదు, సంగతంతా చెప్పేసింది. మేనేజరు చాలాసేపు పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ జరిపాడు. చివరికి, "దొంగ బాబాయ్ చేతిలో నిలబడితే తయారీకి అచ్చు పోయిద్దాం. నిలబడకపోతే మళ్ళీ ఈ ఊసు ఎత్తకూడదు, సరేనా?" అన్నాడు. ఆవిడ సరేనంది.

మొదట చేసింది బొమ్మల మూత. మూత మీద చిన్న కిటికీ, అందులో ఒక పిట్ట. మూత తీసి పెట్టిన ప్రతిసారీ బొమ్మ మారుతుంది. పిట్ట తర్వాత చేప, చేప తర్వాత పువ్వు, అలాగ. పిట్టని చూసి వెళ్ళినవాళ్ళకి తిరిగొచ్చేసరికి చేప కనపడిందంటే, మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టే. చూడముచ్చటగా ఉంది. దొంగ బాబాయ్ దాన్ని పట్టుకుని ఒక మూలకి వెళ్ళి, అటు తిరిగి కూర్చుని, తీసి, పెట్టి, తీసి, పెట్టి, బొమ్మలన్నీ ఒక చుట్టు తిప్పుకొచ్చాడు.

"ఇదిగో తల్లీ నీ పిట్ట. ఎక్కడికీ పోలేదు" అన్నాడు, పాపం గెలిచినందుకు తనే నొచ్చుకుంటూ.

ఆ ఆదివారం మూతలమ్మ ఇంట్లో కాలు గాలిన పిల్లిలా తిరుగుతోంది. అమ్మ కుర్చీలో కూర్చుని చెల్లెలికి తల దువ్వుతోంది. దువ్వుతూ దువ్వుతూ ఆగిపోయి, దువ్వెనని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇదిగో, ఇక్కడ పన్ను లేదు. ఎవరు విరగ్గొట్టారే? అడిగితే ఈ ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు."

"నేను కాదు" అంది చెల్లెలు.

"నేనసలే కాదు" అంది మూతలమ్మ.

"అయితే నేనే విరగ్గొట్టుకుని మర్చిపోయుంటాను లెండి."

చెల్లెలు అమ్మ చేతిలోంచి దువ్వెన తీసుకుని, ఆ ఖాళీలో వేలు పెట్టి చూసింది. "ఎవరు విరగ్గొట్టారో తెలీకపోతే పోనీలే అమ్మా. విరిగిందని తెలుస్తోంది కదా" అంది. కాసేపాగి, చిన్న గొంతుతో, "నాకు ఆ రోజు అదీ తెలీలేదు" అంది.

అమ్మ చెయ్యి చెల్లెలి తల మీదే ఉండిపోయింది. మూతలమ్మ తిరగడం మానేసింది.

"పళ్ళు" అంది మూతలమ్మ. "మూతకి పళ్ళు పెడితే? తీసినప్పుడల్లా ఒకటి వంగిపోవాలి. మళ్ళీ లేవకూడదు. చుట్టూ తిరిగి మొదటికి రాకూడదు."

"అయినా నాకొకటి అర్థం కాదక్కా" అంది చెల్లెలు. ఏడాది తర్వాత ఆ గొంతులో మొదటిసారి కోపం వినపడింది. "కాపలా నేనెందుకు కాసుకోవాలి? నా పళ్ళు నేనెందుకు లెక్కపెట్టుకోవాలి? వాడు కదా మానుకోవాల్సింది?"

"వాడే మానుకోవాలి. కాదన్నదెవరు?" అంది మూతలమ్మ. "కానీ మనుషుల్ని మార్చే అచ్చు నా దగ్గర లేదే. మూతకైతే ఉంది."

చెల్లెలు నవ్వలేదు గానీ, పెదవి ఒక పక్కకి కదిలింది. ఆ మాత్రానికే అమ్మకి ప్రాణం లేచొచ్చింది.

మళ్ళీ పని మొదలైంది. పన్ను విరిగి రాలితే గొంతులో అడ్డం పడుతుంది, కాబట్టి రాలకూడదు, వంగాలి. వంగింది మళ్ళీ నిటారుగా నిలబడకూడదు. ఇక్కడే మూతలమ్మకి ఒక సంగతి పనికొచ్చింది. కొన్ని రకాల ప్లాస్టిక్‌ని గట్టిగా వంచితే వంగిన చోట తెల్లబారుతుంది. మూతల వాళ్ళకి అది తలవంపులు. మూత మీద ఎక్కడైనా తెల్లచార కనపడిందా, ఆ బుట్ట బుట్టంతా తీసి అవతల పడేస్తారు. ఎలా తెల్లబారకుండా చెయ్యాలా అని ఆవిడ ఇన్నేళ్ళూ తల బద్దలు కొట్టుకుంది. ఇప్పుడు కూర్చుని, బాగా తెల్లబారే ప్లాస్టిక్ ఏదా అని వెతికింది. పక్క బల్లవాళ్ళు ఆవిడకి పిచ్చి ముదిరిందనుకున్నారు. చివరికి ముదురాకుపచ్చ మూత ఒకటి తేలింది. అంచు చుట్టూ పళ్ళు. తీసినప్పుడల్లా ఒక పన్ను బయటికి వంగి, పాలలా తెల్లబడి, ఇక ఏం చేసినా ఆకుపచ్చకి రాదు. పళ్ళన్నీ వంగిపోతే మూత ఇక బిగుసుకోదు, సీసా పని అంతే.

దొంగ బాబాయ్ ఈసారి నిజంగానే కష్టపడ్డాడు. వంగిన పన్నుని వెనక్కి నొక్కాడు, అది నిలబడలేదు. తెల్లటి చోట ఆకుపచ్చ రంగు పూశాడు, తుడిస్తే చేతికంటుకుంది. తను నేర్చిన విద్యలన్నీ వాడేశాక, ఒకరోజు మూతలమ్మ బల్ల దగ్గరికొచ్చి, "అమ్మా, నా ఉద్యోగం ఊడగొట్టేలా ఉన్నావు" అంటూ ఆ మూతని ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆయన కళ్ళజోడు వెనక కళ్ళు మెరుస్తున్నాయి.

మేనేజరు చూసి, అలవాటు ప్రకారం ముందు తల అడ్డంగా ఊపాడు. "బాగానే ఉంది. కానీ మనం మూతల మనుషులం, మన కళ్ళు వేరు. బయట మనిషి, అదీ కబుర్లలో ఉన్న మనిషి, వెలుతురు చాలని హాల్లో ఈ పన్ను సంగతి కనిపెడతాడా? అది తేలకుండా అచ్చు ఎలా పొయ్యమంటారు? ఎవరినైనా తీసుకురండి."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మూతలమ్మ ఈ మాట విసుక్కుంటూ చెప్పింది. చెల్లెలు కంచంలోకే చూస్తూ, "నేనొస్తా" అంది.

అమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

చెల్లెలు షరతులు కూడా తనే పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం కంపెనీ భోజనాల గదిలో, అందరూ ఉండగా, తను సీసా బల్ల మీద వదిలేసి వెళ్ళాలి. దొంగ బాబాయ్ మూత తియ్యొచ్చు, తియ్యకపోవచ్చు. ఏం చేసిందీ ఎవరికీ చెప్పకూడదు. మర్నాడు ఆమె కంపెనీకి వచ్చి ఈ ఏర్పాటు చెప్పగానే దొంగ బాబాయ్ రెండు చేతులూ ఎత్తేశాడు.

"తల్లీ, నేను మూతలకి దొంగని గానీ మనుషులకి కాదు. నీ సీసా మీద చెయ్యి వెయ్యడం నావల్ల కాదు."

"తీసేది మీరని తెలుసు కాబట్టే ఈ మాత్రం ధైర్యం చేస్తున్నాను బాబాయ్. ఇంకెవరైనా అయితే ఇంటి గడప కూడా దాటేదాన్ని కాదు" అంది చెల్లెలు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ కాదనలేదు.

భోజనాల గదిలో కర్టెన్లు వేసి వెలుతురు తగ్గించారు. ఎవరో రేడియో పెట్టారు. పొడుగాటి బల్లల దగ్గర జనం కారియర్లు విప్పుకుని, పరీక్ష సంగతి తమకేమీ తెలియనట్టు నటిస్తున్నారు. ఆ నటనకి చప్పట్లు కొట్టే వాళ్ళెవరూ ఉండరు, అంత అధ్వాన్నంగా ఉంది. చెల్లెలు సీసా మూత తిప్పింది. ఒక పన్ను వంగి తెల్లబడింది. రెండు గుక్కలు తాగింది, మూత బిగించింది, బల్ల మీద పెట్టింది. ఇక లేవాలి.

లేవలేకపోయింది. సీసా బల్ల మీదే ఉంది, వేళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. మూతలమ్మ "వద్దులేవే, ఇంటికి పోదాం పద" అందామని సగం లేచింది. దూరంగా కూర్చున్న దొంగ బాబాయ్ ఆవిడ వైపు చూసి, కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఆవిడ కూర్చుంది. మూతా వద్దు, అచ్చూ వద్దు, ఈ పిల్లని ఇలా నలుగురిలో కూర్చోబెట్టినందుకు నన్ను నేను క్షమించుకోలేను అనుకుంది.

చెల్లెలు ఒక్కో వేలూ తీసింది. లేచింది. వెనక్కి చూడకుండా గది ఆ చివర కిటికీ దగ్గరికి నడిచింది. అక్కడ ప్యాకింగ్ విభాగం ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె చోటిచ్చి, ఏదో అడిగింది. చెల్లెలు ఏదో చెప్పింది. మూతలమ్మ సీసా వైపు చూడకూడదు, అది ఒప్పందం. అందుకని గోడ మీది గడియారాన్ని చూస్తూ కూర్చుంది. ఆ గడియారం అంత నెమ్మదిగా నడుస్తుందని అంతకుముందెప్పుడూ ఆవిడకి తెలియదు.

చెల్లెలు తిరిగొచ్చింది. సీసా చేతిలోకి తీసుకుంది. మసక వెలుతురులో మూతని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె చూడనే లేదు. బొటనవేలుతో అంచు చుట్టూ నెమ్మదిగా తడిమింది. ఒక పన్ను దగ్గర వేలు ఎగిసింది. అది తను వంచింది. వేలు ఇంకాస్త ముందుకెళ్ళి, మళ్ళీ ఎగిసింది.

చెల్లెలు కదలకుండా నిలబడింది. రేడియో ఎవరో ఆపేశారు.

"బాబాయ్" అంది. "దొరికారు."

దొంగ బాబాయ్ లేచి, కోర్టులో ముద్దాయిలా చేతులు కట్టుకుని తలొంచుకున్నాడు. చెల్లెలికి నవ్వొచ్చింది. చిరునవ్వు కాదు, పాత పిచ్చుక నవ్వు, పక్కింటివాళ్ళకి కూడా వినపడే నవ్వు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలిసిందక్కా, నాకు తెలిసింది" అంది. మూతలమ్మ లేచి వెళ్ళి చెల్లెల్ని పట్టుకుని బావురుమంది. పరీక్ష పెట్టించిన మేనేజరు కిటికీ దగ్గరికి పోయి, కర్టెన్లు తీసే పని అర్జంటుగా తనే పెట్టుకున్నాడు.

చెల్లెలు సీసా తీసుకెళ్ళి సింకులో పారబోసింది. ఇంట్లో రోజూ వినపడే ఆ చప్పుడే. కానీ ఇన్నాళ్ళూ అనుమానంతో పారబోసింది, ఇవాళ తెలిసి పారబోసింది. మూతలమ్మకి ఆ చప్పుడు మొట్టమొదటిసారి చెవికి ఇంపుగా వినిపించింది.

"వేలికి తెలుస్తోంది సార్, చూడక్కర్లేదు" అని చెల్లెలు మేనేజరుకి చెబుతోంది. "కానీ ఈ పళ్ళు కాస్త ఎడంగా ఉండాలి. గోళ్ళు పెంచుకున్నవాళ్ళకి అందవు. ఇంకా..." అంటూ మొదలుపెట్టింది. మేనేజరు తల నిలువుగా ఊపడం కంపెనీ వాళ్ళు అదే మొదటిసారి చూడటం.

ఎవరో ఇంకో సీసా తెచ్చి ఇచ్చారు. చెల్లెలు మూత తీసి గటగటా తాగి, బిగించి, బల్ల మీద పెట్టి, ఫోను తీసి ఇంటికి చేసింది.

"అమ్మా, నేను దొంగని పట్టుకున్నాను!"

"ఏ దొంగనే? ఎక్కడ? నీకేమైనా అయిందా?" అని అమ్మ వేసిన కేక గదంతా వినపడింది. చెల్లెలు నవ్వుతూ మొదటినుంచీ చెప్పుకొస్తోంది. కర్టెన్ల సంగతి, కారియర్ల వాళ్ళ నటన సంగతి, ప్యాకింగ్ ఆమెకి ఎంతమంది పిల్లలో ఆ సంగతి. చెబుతూ చెబుతూ నడుస్తోంది. గది దాటి వరండాలోకి వెళ్ళిపోయింది.

సీసా బల్ల మీదే ఉంది. మూతలమ్మ దానివైపు చెయ్యి చాచబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. వరండాలోంచి పిచ్చుక గొంతు వినపడుతూనే ఉంది. ఇప్పట్లో ఆగేలా లేదు.